బంగారు రంగు పాదం గారికి బహిరంగ లేఖ

శ్రీకాకుళం

మహారాజశ్రీ పాదం గారికి,

షోకేసులో, గాజు పెట్టెలో మీరు క్షేమమని తలుస్తాను. తలవడమేమిటి, రోజూ చూస్తూనే ఉన్నాను. మా ఇంట్లో ఇంత క్షేమంగా ఇంకెవరూ లేరు. వానాకాలం మీకు చెమ్మ తగలకూడదని పెట్టెలో సిలికా జెల్ పొట్లాలు వేశారు. మా అమ్మ గదిలో గోడ మాత్రం చెమ్మెక్కి పెచ్చులూడుతూనే ఉంది.

మీరు మా మనవరాలి పసి పాదానికి జ్ఞాపకంగా తీసిన అచ్చు. మీ జన్మవృత్తాంతం నాకు బాగా తెలుసు, బకెట్ పట్టుకున్నది నేనే కాబట్టి. మనవరాలికి పాలు పట్టి, నిద్రపుచ్చి, అప్పుడు కాలు ముంచాలని మా అమ్మాయి ప్లాను. నీళ్లలో ఆల్జినేట్ పొడి కలిపారు. సముద్రపు నాచులోంచి తీస్తారట, పళ్ల డాక్టర్లు దవడ కొలతకు వాడేదీ అదే. కళింగపట్నం సముద్రం పక్కన పెట్టుకుని నాచు పొడిని కొరియర్లో తెప్పించుకున్న ఘనత మాది. నీళ్లు వెచ్చగా ఉంటే అది చప్పున గట్టిపడిపోతుంది, అందుకే అందరికీ టెన్షన్. కాలు ముంచగానే పిల్ల లేచి గుక్కపట్టింది. గుమ్మంలోంచి మా అమ్మ కేక: "ఓలమ్మా, ఏటే ఇది? గుంట కాలు సున్నంల ముంచేత్తన్నారేటి?"

సున్నం లాంటిది తర్వాత వచ్చింది. కాలు తీశాక గట్టిపడ్డ నాచు ముద్దలో మిగిలిన ఖాళీలో ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పోశారు. గట్టిపడేటప్పుడు అది వేడెక్కుతుంది కనుక పసివాళ్ల ఒంటికి తిన్నగా తగలనివ్వరు. అల్లుడు ఆ బకెట్‌ని మద్దెలలా తట్టాడు, బుడగలు పోవాలని. పోసేటప్పటి బుడగలు పోయాయి. పొడి కలిపేటప్పుడు దూరిన బుడగ ఒకటి అచ్చులోనే ఉండిపోయి, అందులో ప్లాస్టర్ నిండి, మీ బొటనవేలి మీద పులిపిరి లేచింది. వియ్యపురాలు గారు చూసి, "అచ్చం మా మామగారి పులిపిరే" అని కళ్లొత్తుకున్నారు. అప్పటినుంచి అది వంశపారంపర్యం. పిల్ల కాలికి లేదు కదమ్మా అంటే, వస్తుందిలెండి అన్నారు.

పైన బంగారు రంగు పూసుకున్నారు, సంతోషం. మన జిల్లాలోనే బుడితి ఉంది, కంచూ ఇత్తడీ పోతపోసే ఊరు. అక్కడి ఇత్తడి చెంబు చెయ్యి జారితే సొట్టపడుతుంది, మర్నాడు మళ్లీ నీళ్లు మోస్తుంది. మీరు జారితే చీపురు కావాలి.

ఇదివరకు మా ఇంట పాదాలు లేకా కాదు. కృష్ణాష్టమికి మా ఆవిడ పిడికిలిని బియ్యప్పిండి నీళ్లలో ముంచి, గుమ్మం నుంచి దేవుడి గది దాకా చిట్టిపాదాలు అద్దుతుంది, పైన వేళ్లకి చుక్కలు పెడుతుంది. మర్నాటికి చీమలూ చీపురూ వాటి పని చూసుకుంటాయి. అంతెందుకు, ఆధార్ వాళ్లే పిల్లలకి 5 ఏళ్లు నిండేదాకా వేలిముద్రలు అడగరు. మా అమ్మాయికి అంత ఓపిక లేదు.

అసలు ఫిర్యాదు ఇప్పుడు చెప్తాను. మీ సొంతదారు ఇప్పుడు నడుస్తోంది. నడవడమేమిటి, కుర్చీ ఈడ్చుకొచ్చి ఎక్కుతోంది. మీ మీద మనసు పడింది. గాజు మీద చెయ్యేసిందా, నాలుగు గదుల్లోంచి నాలుగు గొంతులు: "ముట్టుకోకు!" ఎవరి కాలు, ఎవరు ముట్టుకోకూడదు? మొన్న మెట్ల మీద పడి అదే బొటనవేలు చితక్కొట్టుకుంటే పసుపు రాసి వదిలేశారు. మీ పెట్టె మూల కాస్త చిట్లితే మాత్రం అల్లుడు ఆఫీసుకి సెలవు పెట్టాడు.

ఇంతకీ రాసిన పని వేరు. వచ్చే నెల నా షష్టిపూర్తి. మా దంపతుల చేతులు కలిపి అచ్చు తీస్తారట, పెద్ద సైజు కిట్టు అప్పుడే దిగింది. గట్టిపడేదాకా ఇద్దరం చెయ్యి చెయ్యి పట్టుకుని కదలకుండా, మాట్లాడకుండా నిలబడాలట. పీటల మీద కూడా మా ఆవిడ అంతసేపు మాట్లాడకుండా ఉన్నట్టు గుర్తులేదు. ఒకవేళ నెగ్గుకొస్తే, షోకేసులో కాస్త ఎడమకి జరిగి మాకూ చోటివ్వగలరు.

ఇట్లు,
మీ సొంతదారు తాత