గోదావరిని కాస్త ఈశాన్యానికి జరపండి

మా డెల్టా వాళ్ళకి బొమ్మలంటే ప్రాణం. ఈ మాట మేమే చెప్పుకుంటాం కాబట్టి నిజమే అయ్యుంటుంది. బాపు 1933లో నరసాపురంలో పుట్టారు గనక ఆయన మావాడు. దామెర్ల రామారావు 1897లో రాజమండ్రిలో పుట్టి, బొంబాయి జె.జె. ఆర్ట్ స్కూల్లో చదువుకుని, 1925లో, ఇరవై ఎనిమిదేళ్ళు నిండకుండానే మశూచితో పోయారు గనక ఆయనా మావాడే. పోయినవాళ్ళందరూ మావాళ్ళే. పోయినవాళ్ళు బిల్లు పంపరు కదా. బతికున్న చిత్రకారుల విషయంలో మాత్రం మా అభిమానం వేరే పద్ధతిలో నడుస్తుంది. ఆ పద్ధతి ఇతర జిల్లాల వారికీ పనికొస్తుందన్న సదుద్దేశంతో ఇక్కడ వివరిస్తున్నాను.

కోనసీమలో ఒక పెద్దాయనకి అరవై నిండాయి. చెరువులున్నాయి, కొబ్బరి తోటలున్నాయి, ఒక అల్లుడు హైదరాబాదులో, బావమరిది డాలస్‌లో ఉన్నారు. షష్టిపూర్తికి వచ్చినవాళ్ళకి స్టీలు గిన్నెలు పంచడం పాతబడిపోయిందని, తన జీవిత చరిత్రని బొమ్మల పుస్తకంగా వేయించి పంచాలని ఆయనకి తోచింది. మొత్తం ఇరవై నాలుగు బొమ్మలు. మాటలు రాసే పని నాకు అప్పగించారు. పారితోషికం ఒక శాలువా అని ముందే చెప్పేశారు, ఆ విషయంలో నిజాయితీపరుడే. బొమ్మలకి పాలకొల్లులో ఇంటి దగ్గరే ఫ్రీలాన్సుగా పనిచేసుకునే ఒక అమ్మాయిని కుదిర్చారు. విశాఖలో ఫైన్ ఆర్ట్స్ చదివింది, పిల్లల పుస్తకాలకి బొమ్మలు వేస్తుంది. బొమ్మకి రెండున్నర వేలు అడిగింది.

"ఇంట్లో కూర్చునే వేస్తావు కదమ్మా, కరెంటు తప్ప ఖర్చేముంది?" అన్నారు పెద్దాయన.

అదే వారం వంటమేస్త్రి వచ్చాడు. సగం డబ్బు ముందు పెడితే గానీ పనసపొట్టు కూడా కొట్టించనన్నాడు. పెట్టారు. షామియానా వాడు అడిగాడు, ఇచ్చారు. డ్రోను కెమెరా కుర్రాడికీ ఇచ్చారు, ఆ డ్రోను తరవాత కొబ్బరి చెట్టులో ఇరుక్కుంది, అది వేరే కథ. "మూడు రకాల పులిహోర ఊరికే వండి చూపించవయ్యా, నచ్చిందాన్ని బట్టి ఆలోచిద్దాం" అని వంటమేస్త్రిని ఎవరూ అడగలేదు. అడిగితే అతను గరిట చూపించేవాడు. ఆ అమ్మాయిని మాత్రం శాంపిలుకి మూడు బొమ్మలు ఊరికే వేసి చూపించమన్నారు. కుదరదంది. "ఈ కాలం పిల్లలకి పొగరెక్కువ" అని ఆ ఇంట్లో తీర్మానమైంది. చివరికి పదిహేను వేలు అడ్వాన్సు ఇచ్చారు, ఇస్తూ ఫోటో కూడా తీయించుకున్నారు.

ఆ అమ్మాయి పని చేసిన తీరు చెప్పాలి. పెద్దాయన పదేళ్ళప్పుడు గోదావరి పాయ గౌతమిని దాటి చదువుకి వెళ్ళిన సంఘటన ఒకటుంది. దానికోసం ముక్తేశ్వరం వెళ్ళి, పంటు ఎక్కి కోటిపల్లి రేవుకి దాటింది. మెట్లు చూసుకుంది, పొద్దుట పూట నీటి రంగు చూసుకుంది. డెబ్భైల్లో పడవలెలా ఉండేవో, తెరచాపకి మాసికలు ఎక్కడ పడేవో, గెడ వేసేవాడు ఏ కాలు ముందు పెడతాడో రేవులో ముసలాళ్ళని కూర్చోబెట్టి అడిగింది. పెద్దాయన తల్లి దగ్గరికెళ్ళి, ఆ రోజుల్లో పిల్లాడు వేసుకున్న లాగుకి గుండీలుండేవా, బొందు ఉండేదా అని కనుక్కుంది. ఆ ముసలావిడ ఆ రోజంతా సంబరంగా ఉందిట. కన్నకొడుకు ఎన్నడూ అడగని ప్రశ్నలు మరి.

బొమ్మ వచ్చింది. పడవ ముక్కు మీద కూర్చున్న పిల్లాడు, ఒళ్ళో పుస్తకాల సంచి, వెనక అవతలి గట్టు మంచులో సగం కనిపిస్తూ ఉంది. బొమ్మ కింది సగమంతా నీళ్ళే, నీళ్ళలో తెరచాప నీడ కదులుతున్నట్టే ఉంది. నేను రాసిన రెండు పేరాలు దాని పక్కన దండగ అనిపించాయి.

దాన్ని హాల్లో పెద్ద టీవీలో పెట్టారు. తీర్పు చెప్పడానికి ఊళ్ళో కళాహృదయులందరూ హాజరయ్యారు. సోఫాలో పెద్దాయన, కుర్చీల్లో అన్నదమ్ములు, గుమ్మంలో చెరువుల మేస్త్రి, ఇంకో ఫోన్లో డాలస్ బావమరిది, అక్కడ అర్ధరాత్రి. ఆ అమ్మాయి స్పీకరు ఫోన్లో ఉంది. ముందుగా వాస్తు సిద్ధాంతిగారు గొంతు సవరించుకున్నారు.

"నీళ్ళు ఆగ్నేయంలో ఉన్నాయి."

హాలంతా నిశ్శబ్దం. బొమ్మకి పైన ఉత్తరం, కుడి తూర్పు. అంటే కింద కుడి మూల ఆగ్నేయం, అగ్నిస్థానం. అక్కడ గౌతమి పారుతోంది. అరవయ్యో ఏట ఆగ్నేయంలో నీళ్ళు పెట్టుకుంటే ఏం జరుగుతుందో ఆయన చెప్పలేదు, మొహం అదోలా పెట్టి ఊరుకున్నారు. దాంతో అందరూ భయపడ్డారు.

"అయితే ఏం చేద్దామంటారు?"

"గోదావరిని కాస్త ఈశాన్యానికి జరిపితే సరి."

"విన్నావా అమ్మా? గోదావరిని కుడివైపు పైకి జరిపెయ్. చిన్న పనే" అన్నారు పెద్దాయన ఫోన్లోకి.

ఫోన్లోంచి కాసేపు ఏమీ వినపడలేదు. తరవాత ఆ అమ్మాయి చాలా మర్యాదగా అడిగింది: "మరి పడవ ఎక్కడుండాలండీ?"

"పడవ అక్కడే ఉండనీ. మొహం బాగా కనిపిస్తోంది."

"నీళ్ళు లేకుండానా అండీ?"

ఇక్కడ చర్చ గంభీరంగా సాగింది. పడవ ఇసకలో ఉన్నా, ఎక్కబోయే ముందు కూర్చున్నట్టు అనుకోవచ్చని ఒకరు. తెరచాప ఎత్తి ఉంది కదా, ఇసక మీద తెరచాప ఎత్తుతారా అని ఇంకొకరు. గాలికి ఆరేశారనుకోవచ్చు కదా అని మొదటివారు. అల్లుడుగారు బొమ్మలో వావ్ ఫ్యాక్టర్ తగ్గిందన్నారు. దాన్ని ఏ మూల పెడితే మంచిదో సిద్ధాంతిగారు వెంటనే చెప్పలేకపోయారు. గుమ్మంలోంచి చెరువుల మేస్త్రి, "ఆయ్, జరిపేయండమ్మా, మేము చెరువులే జరిపేస్తున్నాం" అని ధైర్యం చెప్పాడు. అతనొక్కడే అనుభవంతో మాట్లాడాడు. కాటన్ దొర 1847లో పని మొదలుపెట్టి, ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పూర్తి చేసేసరికి 1852 అయ్యింది. అదీ నదిని ఆపి కాలవల్లోకి మళ్ళించడానికే, జరపడానికి కాదు. మావాళ్ళు శుక్రవారం సాయంత్రానికి అడిగారు.

అంతలో డాలస్ నుంచి ఇంకో ఆలోచన వచ్చింది. వెనక మంచులో ఏమీ లేకుండా బోసిగా ఉంది కాబట్టి ఒక వంతెన వేస్తే నిండుగా ఉంటుందిట. వంతెన వేసిన చేత్తోనే రైలూ వేయాలిట. ఆ కథ జరిగిన నాటికి అక్కడ ఏ వంతెనా లేదని ఆ అమ్మాయి అంది. "ఎలాగూ వస్తుంది కదమ్మా" అన్నారు. కోటిపల్లి నుంచి నరసాపురానికి రైలు వస్తుందని కోనసీమ జనం పాతికేళ్ళకి పైగా ఎదురుచూస్తున్నారు. గౌతమిలో స్తంభాలు లేచి నిలబడ్డాయి, రైలు ఇంకా రాలేదు. రైల్వే వాళ్ళకి చేతకానిది రెండున్నర వేలకి అయిపోయింది. అందులో ఏసీ బోగీ కూడా ఉండాలన్నారు.

మిగతా సవరణలు క్లుప్తంగా చెబుతాను, లేకపోతే నాకే బీపీ వస్తుంది. దుక్కి దున్నే బొమ్మలో ఎద్దులు బక్కగా ఉన్నాయి, ఇంటి పరువు పోతుంది, బలిసినవి వేయాలి. వంగిన కొబ్బరి చెట్లు నిటారుగా నిలబెట్టాలి. పెద్దాయన ఎండలో దున్నుతున్నారు సరే, అంత నల్లగా ఎందుకున్నారు? ఈ రంగు మార్పు ఒక్కటే ఏడుసార్లు అడిగారు. ఎనిమిదోసారి పంపేసరికి పొలంలో ఎవరో ఇంగ్లీషు కలెక్టరు తప్పిపోయి తిరుగుతున్నట్టుంది. అది ఖాయం చేశారు.

ఒకరోజు మేనల్లుడు ఏఐలో చేయించిన బొమ్మ వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. "చూడమ్మా, రెండు నిమిషాలు, పైసా ఖర్చు లేదు. నువ్వేమో నెల తీసుకుంటున్నావు." ఎడమవైపు ఎద్దుకి అయిదు కాళ్ళున్నాయి, రైతుకి పంచె మీద బెల్టు ఉంది. ఇంతమంది కళాహృదయుల్లో ఒక్కరికీ అయిదో కాలు కనపడలేదు. వాస్తు రీత్యా బాగానే ఉండి ఉంటుంది.

ఇంతవరకూ నవ్వుకుంటూనే రాశాను. ఇక్కడి నుంచి నవ్వు రావడం లేదు.

గోదావరిని జరపడమంటే కుర్చీ జరపడం కాదు. నీళ్ళు పోతే నీడ పోతుంది, నీడ పోతే వెలుగు ఎటునుంచి వస్తుందో మళ్ళీ చూసుకోవాలి, ఆకాశం రంగు మారాలి, పిల్లాడి మొహం మీద నీటి మెరుపు చెరపాలి. అంటే బొమ్మ మొదటినుంచీ మళ్ళీ వేయాలి. ఆ అమ్మాయి వేసింది. అర్ధరాత్రిళ్ళు కూర్చుని, తనకే అసహ్యమనిపించిన ఇసకలో పడవని కూడా శ్రద్ధగా వేసింది. షష్టిపూర్తి నాడు నేను వెళ్ళేసరికి ఊరి మొదట్లోనే ఆ పడవ ఇరవై అడుగుల ఫ్లెక్సీ మీద ఉంది. పుస్తకం కోసం వేసిన బొమ్మని అడగకుండా, చెప్పకుండా ఫ్లెక్సీకెక్కించారు. అదీ వాట్సాప్‌లో వచ్చిన నలిగిపోయిన చిన్న బొమ్మని సాగదీసి వేయించారు. చుక్కలు చుక్కలుగా ఉంది. "ఆ పిల్ల క్వాలిటీ లేకుండా వేసింది" అని వచ్చినవాళ్ళకి చెబుతున్నారు. అచ్చుకి పనికొచ్చే 300 డీపీఐ పెద్ద ఫైలు ఆ అమ్మాయి మెయిల్ చేసే ఉంది, ఎవరూ తెరవలేదు.

కింద మూల, పడవ అడుగున, ఆ అమ్మాయి చిన్నగా సంతకం పెట్టుకుంది. అది లేదు. అక్కడ అల్లుడుగారి పాస్‌పోర్టు ఫోటో అతికించి, "సౌజన్యం" అని రాశారు. ఏం సౌజన్యం? ఎవరి సౌజన్యం? గెడ వేసేవాడి కాలు ఎటుండాలో కనుక్కోవడానికి మండుటెండలో రేవులో కూర్చున్నది ఎవరు? పుస్తకం చివరి అట్ట మీద ఫ్లెక్సీ షాపు పేరుంది, ఫోన్ నంబరుతో సహా. టెంటు హౌసు పేరుంది. నా పేరు కూడా ఉంది, ఆ రెండు పేరాలకి. బొమ్మలు వేసిన మనిషి పేరు పుస్తకంలో ఎక్కడా లేదు. ఇదే ఇంటి హాల్లో బాపు బొమ్మ ఫ్రేము కట్టించి పెట్టుకున్నారు. దాని కింద సంతకం చెరిపి అల్లుడి ఫోటో అతికిస్తారా? చేతులు రావు కదా. ఈ పిల్ల సంతకం మీద బ్లేడు పెట్టడానికి మాత్రం ఎలా వచ్చాయి?

కాపీరైటు చట్టం 1957లోది, కొత్తగా వచ్చిందేమీ కాదు. అందులో 57వ సెక్షను ప్రకారం, బొమ్మ హక్కులు రాసిచ్చేసినా సరే, ఇది నేను వేసిందని చెప్పుకునే హక్కు వేసినవాళ్ళకే ఉంటుంది. తమ పరువు పోయేలా దాన్ని పాడుచేస్తే అడ్డుకునే హక్కూ వాళ్ళదే. ఈ ముక్క పెద్దాయనకి చెబితే, "మేం డబ్బులిచ్చాం కదండీ" అన్నారు.

ఇవ్వలేదు. అరవై వేలకి పదిహేను వేలిచ్చారు. మిగతా నలభై అయిదు వేలు ముందు ఫంక్షన్ అయ్యాక అన్నారు. అయ్యాక, వనామీ రొయ్యల రేటు పడిపోయింది, ఈ పట్టుబడి కానీ అన్నారు. పట్టుబడి అయ్యింది, లారీలు వెళ్ళాయి. ఇప్పుడు బొమ్మల్లో ఎద్దులు సరిగ్గా రాలేదు, ఎంతో కొంత తగ్గించుకోమంటున్నారు. ఆ అమ్మాయి గ్రూపులో మర్యాదగా బిల్లు పెట్టింది. పది నిమిషాల్లో ఆమెని గ్రూపులోంచి తీసేశారు. మంచి ఫంక్షన్ ఫోటోల మధ్య బిల్లు అపశకునంట.

ఆ అమ్మాయి చిన్న వ్యాపారం కింద ఉద్యం అనే ప్రభుత్వ పోర్టల్లో నమోదు చేయించుకునే ఉంది. 2006 నాటి ఎంఎస్ఎంఈ (చిన్న, మధ్యతరహా సంస్థల) చట్టం ప్రకారం అలాంటి వాళ్ళకి పని అందాక 45 రోజుల్లోపు డబ్బు ముట్టాలి. దాటితే రిజర్వు బ్యాంకు రేటుకి మూడింతలు చొప్పున, నెలనెలా చక్రవడ్డీ కట్టాలి. చక్రవడ్డీ అంటే ఏమిటో పెద్దాయనకి వివరించక్కర్లేదు, ఆయన ఊళ్ళో నూటికి మూడు చొప్పున తిప్పుతుంటారు. 45 రోజులు దాటి చాలా కాలమైంది.

ఈ వ్యాసంలో ఆయన ఊరి పేరు రాయలేదు. డబ్బు రాకపోతే వచ్చే వ్యాసంలో ఊరి పేరుంటుంది. అప్పటికీ రాకపోతే వీధి, ఇల్లు, రెండు సింహాలున్న గేటు కూడా ఉంటాయి. ఆ గేటు బొమ్మ వేయమని పాలకొల్లు ఫోన్ చేసి చెప్పాను, సగం అడ్వాన్సు పంపేశాను. సింహాలు ఏ మూలన ఉండాలో ఆ అమ్మాయి ఇష్టం.