తలుపు తెరుచుకోవడమే దేవుని చిత్తానికి గుర్తా?

రిజల్ట్స్ వచ్చే రోజుల్లో, పెళ్లి సంబంధాలు చూసే నెలల్లో, కొత్త సంవత్సరం దగ్గరపడినప్పుడు మన సంఘాల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతూ ఉంటుంది. ఒక్కొక్కరు ఒక్కో రకంగా రాస్తారు. సారాంశం మాత్రం ఇదే: "దేవుని చిత్తమైతే తలుపులు వాటంతటవే తెరుచుకుంటాయి. అడ్డంకి వస్తే అది ఆయన చిత్తం కాదు. మనసులో సమాధానం ఉంటే ముందుకెళ్లండి, లేకపోతే ఆగిపోండి. ప్రార్థన చేసి బైబిల్ తెరవండి, కన్ను పడిన వచనమే మీకు జవాబు. సొంత ప్లాన్లు వేసుకోకండి. ఆయన చిత్తంలో ఉన్నవాళ్లకు హాని జరగదు, యిర్మీయా 29:11 మీ వాగ్దానం."

పంపేవాళ్ల మనసు మంచిదే. అవతలివాళ్లు టెన్షన్‌లో ఉన్నారు, ఒక ఆదరణ మాట చెబుదామనే పంపుతారు. కానీ రెండోసారి వీసా రిజెక్ట్ అయిన కుర్రాడు, మూడేళ్లుగా సంబంధం కుదరని అమ్మాయి, భర్తను పోగొట్టుకున్న సహోదరి ఈ మాటలు చదివి ఏమనుకుంటారు? దేవుడు నన్ను కాదన్నాడనో, నేనే ఎక్కడో ఆయన చిత్తం తప్పిపోయాననో అనుకుంటారు. బైబిల్ వాళ్లకు చెప్పని మాటను బైబిల్ పేరు మీద మనం చెప్పకూడదు. అందుకే ఒక్కో మాటా తీసి చూద్దాం.

"అడ్డంకి వస్తే దేవుని చిత్తం కాదు" అన్న మాటలో కొంత నిజం ఉంది. అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయంలో పౌలు బృందం ఆసియాలో వాక్యం చెప్పబోతే ఆత్మ ఆపాడు. బితూనియకు వెళ్లబోతే వెళ్లనివ్వలేదు. దేవుడు దారులు మూస్తాడు, అందులో సందేహం లేదు. మెసేజ్ రాసినవాళ్లు ఆ అధ్యాయం చివరిదాకా చదివితే బాగుండేది. త్రోయలో రాత్రివేళ దర్శనం వచ్చింది, మాసిదోనియ మనుష్యుడు రమ్మని బతిమాలాడు, వెంటనే బయల్దేరారు. ఇంతకంటే స్పష్టమైన పిలుపు ఎవరికి దొరుకుతుంది? అయినా ఫిలిప్పీలో వాళ్ల బట్టలు లాగేసి, బెత్తాలతో కొట్టి, లోపలి చెరసాలలో వేసి, కాళ్లకు బొండ బిగించారు. దర్శనాన్ని తప్పుగా అర్థం చేసుకున్నామేమోనని పౌలు సీలలు అనుకున్నట్టు ఒక్క మాట లేదు. మధ్యరాత్రి కీర్తనలు పాడుతూ కూర్చున్నారు.

అదే పౌలు ఎఫెసు నుంచి కొరింథు సంఘానికి రాస్తూ, ఇక్కడ పనికి మంచి అవకాశం దొరికింది, ఎదిరించేవాళ్లు కూడా చాలామంది ఉన్నారు, అందుకే పెంతెకొస్తు వరకు ఇక్కడే ఉంటానన్నాడు (1 కొరింథీ 16:8, 9). ఎదిరింపు ఉంది కాబట్టి దేవుడు వద్దంటున్నాడని ఆయన లెక్క వేయలేదు.

ఇక తెరిచిన తలుపు సంగతి. నీనెవెకు వెళ్లమంటే యోనా యొప్పేకు వెళ్లాడు. రేవులో తర్షీషుకు పోయే ఓడ సిద్ధంగా ఉంది. చేతిలో డబ్బుంది, కేవు కట్టాడు, ఎక్కాడు. ఎక్కడా ఒక్క అడ్డం లేదు. ఈ మెసేజ్ ఆ రోజు యోనా చేతికి వచ్చి ఉంటే, తర్షీషే దేవుని చిత్తమని రేవులో నిలబడి సాక్ష్యం చెప్పేవాడు.

మన తెలుగు బాప్టిస్టు సంఘాల పుట్టుకే ఈ మాటకు పెద్ద జవాబు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే 1836లో ఇండియాకు వచ్చి, 1840లో నెల్లూరులో స్థిరపడ్డాడు. ఏళ్లు గడిచినా విశ్వాసులు చాలా కొద్దిమందే. ఖర్చు తప్ప ఫలం కనబడటం లేదని 1853లో అమెరికాలోని ఆల్బనీలో జరిగిన సమావేశంలో ఈ మిషన్ మూసేయాలా అన్న చర్చ వచ్చింది. తెలుగు దేశంలో వాళ్లకున్నది నెల్లూరు ఒక్కటే, అందుకే దానికి 'ఒంటరి నక్షత్రం' అన్న పేరు పడింది. 1854 జనవరి 1న తెల్లవారకముందే లైమన్ జ్యూయెట్ దంపతులు ముగ్గురు తెలుగు విశ్వాసులతో కలిసి ఒంగోలు కొండెక్కి, కింద కనబడుతున్న ఊళ్ల కోసం, అక్కడికి ఒక సేవకుడి కోసం ప్రార్థించారు. ఆ సేవకుడు జాన్ క్లౌ కాపురానికి ఒంగోలు చేరేసరికి 1866 అయింది. ఈలోగా 1862లో మళ్లీ మూసేద్దామన్నారు. అనారోగ్యంతో అమెరికా వెళ్లిన జ్యూయెట్, మీరు మూసినా నేను తెలుగువాళ్ల దగ్గరికే తిరిగి వెళ్తానని నిలబడ్డాడు. తలుపు మూసుకుంటే ఆగిపోవాలన్న సూత్రం పాటించి ఉంటే ఒంగోలు, నెల్లూరు బాప్టిస్టు సంఘాల చరిత్ర అక్కడితో అయిపోయేది.

దీని తర్వాతి భాగం మన సాక్ష్యాల్లో తక్కువ వినబడుతుంది గానీ, నాకు ఇదే ఎక్కువ విలువైనదనిపిస్తుంది. 1876–78 కరువులో జనం ఆకలితో చనిపోతుంటే, క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని, ముఖ్యంగా మాదిగ కుటుంబాలకు కూలిపని కల్పించాడు. సేవకు రాకముందు అమెరికాలో సర్వే పని నేర్చుకున్నవాడు ఆయన. దేవుని ఏర్పాటు అంటే నాకు ఇలాంటివే గుర్తొస్తాయి: కుర్రతనంలో కూటి కోసం నేర్చుకున్న పని, ఏళ్ల తర్వాత ఇంకో దేశంలో వేలమందికి కూడు పెట్టడం. నేర్చుకునేటప్పుడు అది ఎందుకో ఆయనకు తెలియదు. ఆ రోజుల్లో బాప్తిస్మం ఇమ్మని జనం వరసకట్టి అడిగారు. తలుపు బార్లా తెరుచుకుని ఉంది. ఆయన మాత్రం ఏడాదికి పైగా ఎవరికీ ఇవ్వలేదు. గింజల కోసం మతంలోకి వచ్చారన్న మాట వాళ్ల మీద పడకూడదని, కరువు పని ముగిసేదాకా ఆగాడు. ఆ తర్వాత 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున నీళ్లలో నిలబడి ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మమిచ్చారు. మూసినట్టున్న తలుపు దగ్గర జ్యూయెట్ నిలబడ్డాడు. తెరిచిన తలుపు దగ్గర క్లౌ ఆగాడు. ఇద్దరూ తలుపును కాదు, దేవుడు అప్పగించిన పనిని చూశారు, ఎదుటి మనుషుల మేలును చూశారు.

రెండో మాట, మనసులో సమాధానం. మళ్లీ యోనా దగ్గరికే వద్దాం. తుపానులో ఓడ బద్దలవుతుంటే ఆయన దిగువ భాగంలో గాఢనిద్రలో ఉన్నాడు. దేవునికి దూరంగా పారిపోతున్నవాడికి అంత నిద్ర పట్టింది. గెత్సేమనేలో మన ప్రభువు తండ్రి చిత్తానికి లోబడుతూ, "నా ప్రాణము మరణమగునంతగా దుఃఖములో మునిగియున్నది" అన్నాడు, ఆయన చెమట రక్తబిందువుల్లా నేల మీద పడింది. ఫీలింగునే గుర్తుగా పెట్టుకుంటే యోనా సరైన దారిలో ఉన్నట్టు, యేసు తప్పు దారిలో ఉన్నట్టు తేల్చాల్సి వస్తుంది.

కొలొస్సయులకు 3:15ను ఇక్కడ ఎత్తి చూపుతారు, క్రీస్తు సమాధానం హృదయాల్లో ఏలాలని. దాని చుట్టూ ఉన్న వచనాలు ఒకరినొకరు సహించండి, క్షమించండి అంటున్నాయి. ఒకే శరీరంగా పిలవబడ్డారని అదే వచనం చెబుతోంది. సంఘంలో తగాదాలు మానమని రాసిన మాటను మనం జాబ్ ఆఫర్ ఎంచుకోవడానికి వాడుకుంటున్నాం.

మనసులో కలతను అసలు పట్టించుకోవద్దని నేననడం లేదు. సంబంధం ఖాయం చేసే ముందు అమ్మాయికి నిద్ర పట్టడం లేదంటే, తల్లిదండ్రులు పక్కన కూర్చుని ఎందుకో అడగాలి. అబ్బాయి తాగుతాడని ఎవరో చెప్పి ఉండొచ్చు, అడిగిన కట్నం చూసి భయం వేసి ఉండొచ్చు. అలాంటప్పుడు విచారించాలి, అవసరమైతే మానుకోవాలి. ఊరికే కొత్త జీవితం అంటే కలిగే గుబులైతే, అది ఎవరికైనా ఉంటుంది. పౌలు విధవరాలి పెళ్లి గురించి ఎంత తేలిగ్గా చెప్పాడో చూడండి: తనకిష్టమైనవానిని చేసుకోవచ్చు, "ప్రభువునందు మాత్రమే" చేసుకోవాలి (1 కొరింథీ 7:39). రహస్యంగా రాసిపెట్టిన ఒకే ఒక్క పేరును గుర్తుల ద్వారా కనిపెట్టమని ఆమెకు చెప్పలేదు.

బైబిల్ తెరవగానే కన్ను పడిన వచనం అన్నది మూడో మాట. డిసెంబర్ 31 రాత్రి ఆరాధనలో వాగ్దాన కార్డులు బోర్లించిన ట్రే వరసల మధ్య తిరుగుతుంది. పెద్దలు, పిల్లలు కళ్లు మూసుకుని ఒకటి తీస్తారు, పక్కవాళ్లకు చూపించుకుంటారు, ఇంటికెళ్లి ఫ్రిజ్ మీద అంటిస్తారు. ఆ సంతోషాన్ని ఎవరూ తీసేయనక్కర్లేదు. ఏడాదంతా ఒక వాక్యాన్ని ధ్యానించడం మంచిది. అయితే ఆ కార్డుల్లో అచ్చువేసేవాళ్లు ఆదరణ వచనాలే ఎంచి వేస్తారు, కాబట్టి చేతికొచ్చినది ఈ ఏడాది మీకు జరగబోయేదాన్ని చెప్పే జోస్యం కాదు. ఆ కార్డు చూసి ఇల్లు కొనడం, ఆపరేషన్ వాయిదా వేయడం వాక్యాన్ని గౌరవించడం కాదు.

ఇక్కడ తొలి శతాబ్దాల సంఘ బోధకుడు అగస్టీను పేరు వస్తుంది. 386లో మిలాను తోటలో "తీసి చదువు" అన్న స్వరం విని పౌలు పత్రిక తెరిచాడు, రోమా 13:13, 14 కనబడింది, జీవితం మారింది. నిజమే. కానీ ఆయనకు కనబడినది భవిష్యత్తు కాదు, జారత్వం మానమన్న ఆజ్ఞ. లోకవ్యవహారాలు తేల్చుకోవడానికి సువార్త పేజీలతో చీట్లు తీసే అలవాటు నచ్చదని ఆ తర్వాత ఆయనే ఒక ఉత్తరంలో రాశాడు. 506లో గౌల్ దేశపు (నేటి ఫ్రాన్స్) ఆగ్దేలో కూడిన బిషప్పులు లేఖనాలతో సోదె చూడటాన్ని నిషేధించారు. కాబట్టి ఇది కొత్తగా వచ్చిన సమస్య కాదు.

గుర్తు కోసం గిద్యోను పరిచిన గొఱ్ఱెబొచ్చు గురించి ఒక్క మాట చాలు. ఏం చేయాలో దేవుడు ఆయనకు ముందే చెప్పాడు. బొచ్చు పరిచింది చిత్తం తెలియక కాదు, భయపడి. దేవుడు ఆ భయాన్ని భరించాడు, అందరినీ అలా చేయమనలేదు. పెంతెకొస్తు తర్వాత అపొస్తలులు చీట్లు వేసినట్టు ఎక్కడా లేదు. అన్యజనుల సంగతి తేల్చాల్సి వచ్చినప్పుడు యెరూషలేములో కూర్చుని చాలాసేపు వాదించుకున్నారు, సాక్ష్యాలు విన్నారు, ప్రవక్తల మాటలతో సరిపోల్చుకున్నారు, ఆ తర్వాత "పరిశుద్ధాత్మకును మాకును" తోచిందని రాశారు (అపొ. కా. 15). ఆత్మ నడిపింపూ, ఆలోచించి తీసుకున్న నిర్ణయమూ అక్కడ ఒకటిగానే ఉన్నాయి.

ప్లాన్లు వేసుకోవద్దనేవాళ్లు ఇంగ్లండ్‌లో అనాథాశ్రమాలు నడిపిన జార్జ్ ముల్లర్‌ను చూపిస్తారు. ఆయన పేరు మన గోదావరి ప్రాంతానికి కొత్త కాదు. ఆయన భార్య అన్న ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ వెంటే 1836లో బౌడెన్, బీర్ అనే మిషనరీ కుటుంబాలు ఇండియాకు వచ్చి నరసాపురం చేరాయి. బ్రిస్టల్‌లో పిల్లల కోసం ఎవరినీ డబ్బు అడగకుండా ప్రార్థించిన ముల్లర్, వచ్చిన ప్రతి పెన్నీకీ లెక్క రాసి, ఏటా నివేదిక అచ్చువేయించాడు. దేవుని చిత్తం ఎలా తెలుసుకుంటారంటే, ముందు తన సొంత ఇష్టాన్ని పక్కన పెడతాననీ, ఫీలింగు మీద వదిలేస్తే పెద్ద భ్రమలో పడతాననీ, వాక్యమూ పరిస్థితులూ ప్రార్థనా కలిపి బాగా ఆలోచించి నిర్ణయిస్తాననీ చెప్పాడు. యాకోబు పత్రిక కూడా ప్లాన్‌ను తప్పుపట్టలేదు, "ప్రభువు చిత్తమైతే" అన్న మాట లేకుండా వేసే ప్లాన్‌ను తప్పుపట్టింది.

మీ గురించి నా ఉద్దేశాలు సమాధానకరమైనవే గాని హానికరమైనవి కావని దేవుడు చెప్పే యిర్మీయా 29:11 చాలా అందమైన వచనం, ఎవరికి రాశాడో తెలిస్తే ఇంకా అందంగా ఉంటుంది. క్రీ.పూ. 597లో బబులోనుకు చెరపట్టుకుపోయినవాళ్లకు యెరూషలేము నుంచి పంపిన ఉత్తరం అది. అంతకుముందు అధ్యాయంలో హనన్యా అనే ప్రవక్త రెండేళ్లలో అంతా తిరిగొస్తుందని చెప్పాడు. జనం వినాలనుకున్న మాట అదే. అది అబద్ధమని యిర్మీయా చెప్పాడు. డెబ్బై ఏళ్లు పడుతుంది, ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి, పిల్లలకు పెళ్లిళ్లు చేయండి, ఆ ఊరి క్షేమం కోసం ప్రార్థించండి అన్నాడు. ఆ ఉత్తరం విన్న పెద్దవాళ్లలో ఎక్కువమంది బబులోనులోనే కన్నుమూసి ఉంటారు. వాళ్లకు కూడా అది సమాధానకరమైన ఉద్దేశమే, ఎందుకంటే దేవుడు వాళ్ల మనవల దాకా చూస్తున్నాడు. ఈ నెలాఖరుకు వీసా వస్తుందని ఆ వచనంతో హామీ ఇచ్చేవాళ్లు యిర్మీయా మాట కాదు, హనన్యా మాట చెబుతున్నారు.

అసలు దేవుడు తన చిత్తమని పేరుపెట్టి చెప్పిన విషయాలు కొన్ని ఉన్నాయి. పరిశుద్ధంగా ఉండటం (1 థెస్స 4:3), ప్రతి విషయంలో కృతజ్ఞత చెల్లించడం (5:18), మేలు చేసి మూర్ఖుల నోరు మూయించడం (1 పేతురు 2:15). హైదరాబాద్ ఆఫరా, బెంగళూరు ఆఫరా అన్న దాని మీద మూడు రోజులు ఉపవాసం ఉండి, రెజ్యూమెలో లేని ఎక్స్‌పీరియన్స్ రాసుకునేవాళ్లు ఈ మూడు వచనాలు కూడా చదవాలి. రెండు ఊళ్లలో దేనికి వెళ్లాలో వాక్యం చెప్పకపోవచ్చు, ఆ అబద్ధం సంగతి మాత్రం స్పష్టంగా చెప్పింది.

చివరి మాటే అన్నిటికంటే ఎక్కువ గాయం చేస్తుంది: ఆయన చిత్తంలో ఉన్నవాళ్లకు హాని జరగదని. కొడుకు యాక్సిడెంట్‌లో పోయి పదకొండు రోజులు కాలేదు, పరామర్శకు వచ్చినవాళ్లు ఆ తల్లి పక్కన కూర్చుని ఇంట్లో ఏదో ఒప్పుకోని పాపం ఉండి ఉంటుందంటారు. యోబు స్నేహితులు అచ్చంగా ఇదే అన్నారు, దేవుడు వాళ్ల మీద కోపగించాడు. సిలోయము గోపురం కూలి పద్దెనిమిది మంది చనిపోతే, వాళ్లు మిగతావాళ్లకంటే అపరాధులనుకుంటున్నారా, కాదని యేసు చెప్పాడు. అపొస్తలుల కార్యములు 12వ అధ్యాయం తెరవండి. హేరోదు యాకోబును కత్తితో చంపించాడు. పేతురును పట్టుకుని చెరలో వేయిస్తే దూత వచ్చి బయటికి తెచ్చాడు. ఇద్దరూ యేసు వెంట ఉన్న అపొస్తలులే, సంఘం ఒక్కటే, రాజు ఒక్కడే. పేతురు దేవుని చిత్తంలో ఉన్నాడని, యాకోబు తప్పిపోయాడని లూకా ఎక్కడా రాయలేదు.