స్కోరు సరే, అసలు మాట ప్రకటనలో లేకపోతే?
2008 ఆర్థిక, 2020 కోవిడ్ సంక్షోభాల్లో కేంద్ర బ్యాంకులు విడుదల చేసిన ప్రకటనలను కంప్యూటర్‌తో చదివించి, ప్రతికూల పదాలు ఎన్నున్నాయో లెక్కిస్తే వాటి కంగారు ఎంతో తెలిసిపోతుందని ఒక వ్యాసం అంటోంది. నాకైతే ఇది మింగుడు పడలేదు. ఆఫీసు పనిలో భాగంగా అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడ్ ప్రకటనల మీద ఇలాంటి పదాల జాబితా నేనూ నడిపి చూశాను. నిరుద్యోగం తగ్గిందన్న వాక్యానికి రెండు మైనస్‌లు పడ్డాయి, నిరుద్యోగానికొకటి, తగ్గడానికొకటి! మంచి వార్తే పాపం. వాక్యం మొత్తాన్ని చూసే కొత్త కంప్యూటర్ మోడళ్లు ఈ విషయంలో నయమే, ఒప్పుకుంటాను. కానీ అసలు చిక్కు ఏ పాఠాన్ని (టెక్స్ట్‌ను) తీసుకున్నారన్న దగ్గరుంది. యూరోను కాపాడటానికి ఏం చేయాల్సి వచ్చినా చేస్తామని 2012 జులై 26న అప్పటి యూరప్ కేంద్ర బ్యాంకు (ఈసీబీ) అధ్యక్షుడు మారియో ద్రాగి అన్నది లండన్‌లో ఒక ప్రసంగంలో, పాలసీ ప్రకటనలో కాదు. యూరో దేశాల ప్రభుత్వ బాండ్ల వడ్డీల మధ్య తేడాలు తగ్గించడం మా పని కాదని 2020 మార్చి 12న, ద్రాగి తర్వాత ఆ పదవిలోకి వచ్చిన క్రిస్టీన్ లగార్డ్ అన్నది ప్రెస్‌మీట్‌లో, ఒక ప్రశ్నకు జవాబుగా. ఆ ఒక్క మాటకే ఇటలీ బాండ్లు కుదేలయ్యాయి, ఆమె అదే రోజు టీవీ ఇంటర్వ్యూలో సర్దిచెప్పుకోవాల్సి వచ్చింది. ముందే రాసుకొచ్చిన ప్రకటనకు మాత్రమే స్కోరు వేస్తే ఈ రెండూ లెక్కలోకే రావు. పైగా 2020 మార్చి 15న కనీసం 50,000 కోట్ల డాలర్ల ప్రభుత్వ బాండ్లు కొంటామన్న ఫెడ్, 23న ఆ అంకె తీసేసి ఎంత అవసరమైతే అంత అంది. అంకె తీసేయడమనే ఇంత పెద్ద మార్పు ప్రతికూల పదాల లెక్కకు చిక్కదు. ప్రశ్నోత్తరాల పాఠాన్నీ కలిపి మళ్లీ నడిపితే వచ్చే గ్రాఫు చూడాలని ఉంది.