లింగ్జీ సాగు: చెట్ల నీడన మరో పోడు

రీషీ పేరుతో మన దగ్గర క్యాప్సూళ్లుగా, కాఫీ పొడిలో కలిపి అమ్ముతున్న పుట్టగొడుగును చైనాలో లింగ్జీ అంటారు. గానోడెర్మా ప్రజాతికి చెందిన ఈ శిలీంధ్రాన్ని షెడ్లలో రంపపుపొట్టు సంచుల్లోనూ పెంచవచ్చు. అయినా అడవిలో, చెట్ల నీడన, దుంగల మీద పండినదానికే మంచి ధర పలుకుతుంది. చెట్టు కొట్టకుండా అడవి నుంచి ఆదాయం వస్తుందన్న ప్రచారమూ దానికి తోడైంది (దుంగలు ఎక్కడో ఒకచోట నరికినవే అన్న సంగతి ఆ ప్రచారంలో వినిపించదు). మందుగా దాని గుణాలేమిటో వైద్యులు తేల్చాలి. ఇక్కడి చర్చ నేల గురించే.

ఓక్ వంటి గట్టి కలపను చిన్న ముక్కలుగా కోసి, సంచుల్లో పెట్టి, ఆవిరితో శుద్ధి చేసి, స్పాన్ (పుట్టగొడుగు విత్తనం) ఎక్కిస్తారు. తెల్లటి తంతువులు కలపంతా అల్లుకున్నాక ఆ ముక్కలను అడవి నేలలో వరసగా పాతి, పైన పలచగా మట్టి కప్పుతారు. ఏటికొప్పాక బొమ్మల్లా లక్కపూతతో మెరిసే ఎర్రటి గొడుగులు ఆ మట్టిని చీల్చుకుని వస్తాయి. ఒకసారి పాతిన దుంగ రెండు మూడేళ్లు కాస్తుంది. ఆ తర్వాత తవ్వి చూస్తే కలప తెల్లబారి, బెండులా తేలికైపోయి, వేళ్ల మధ్య నలిగిపోతుంది.

కలపకు గట్టిదనమిచ్చే లిగ్నిన్‌ను లాకేస్ వంటి ఎంజైములతో విడగొట్టడం ఈ శిలీంధ్రం పని. కలపలో కర్బనం పుష్కలం, నత్రజని అత్యల్పం; రెంటి మధ్య తేడా వందల రెట్లు. ఆ లోటు పూడ్చుకోవడానికి తంతువులు దుంగ దాటి మట్టిలోకి పాకి, అక్కడి నత్రజనిని పీల్చుకుంటాయి. దుంగ శిథిలమై, తంతువులు చచ్చి కుళ్లాక అదే నత్రజని, దానితోపాటు సేంద్రియ పదార్థం మట్టికి చేరతాయి. కాబట్టి మొదటి ఏడాది తీసిన మట్టి నమూనా నేల పేదబారిందని చెబితే, మూడో ఏడాది నమూనా నేల బలపడిందని చెప్పవచ్చు. ఈ సాగుతో నేల బాగుపడిందని ఎవరైనా నివేదిక చూపితే, నమూనా ఏ దశలో తీశారని ముందుగా అడగాలి.

బ్యాక్టీరియా లెక్క వేరు. నేలలో వాటి వైవిధ్యాన్ని అన్నిటికంటే ఎక్కువగా శాసించేది పీహెచ్ (నేల ఆమ్ల, క్షార గుణాల కొలత) అని ఉత్తర, దక్షిణ అమెరికా నేలలపై 2006లో వెలువడిన అధ్యయనం చూపింది. రైతు తెగుళ్లకు భయపడి మడిలో సున్నం చల్లితే ఆమ్లగుణం తగ్గి ఆ వైవిధ్యం పెరగవచ్చు. ఆ ఘనత సున్నానిదే తప్ప పుట్టగొడుగుది కాదు.

నాకు ఎక్కువ ఆందోళన కలిగించేది చెట్ల వేళ్లను అంటిపెట్టుకుని బతికే మైకోరైజా శిలీంధ్రాల సంగతి. చెట్టు ఇచ్చే చక్కెరను తీసుకుని అవి బదులుగా నత్రజని, భాస్వరం అందిస్తాయి. 1971లో న్యూజిలాండ్ పైన్ తోటల్లో శాస్త్రవేత్తలైన గాడ్గిల్ దంపతులు వేళ్లను, వాటితోపాటు మైకోరైజాను అడ్డుకున్నచోట ఆకుచెత్త త్వరగా కుళ్లింది. అంటే కుళ్లబెట్టే శిలీంధ్రాలను మైకోరైజా అదుపులో ఉంచుతోందని వారు భావించారు. లింగ్జీ మడిలో ఈ బలాబలాలు తారుమారయ్యే అవకాశం ఉంది, ఎందుకంటే దుంగ నిండా తిండి నిల్వ ఉన్న పోటీదారును మనమే తెచ్చి వేళ్ల పక్కన పాతుతున్నాం.

నేల మారిందనడానికి సాక్ష్యం రైతు అలవాటులోనే దొరుకుతుంది. లింగ్జీ పండిన మడిలో వెంటనే మళ్లీ దుంగలు పాతితే దిగుబడి పడిపోతుంది, ట్రైకోడెర్మా వంటి పచ్చ బూజులు ముసురుతాయి. అందుకే కొత్త చోటు వెతుక్కుంటారు. మన మన్యంలో దీన్నే పోడు అంటారు. కొండవాలు నరికి కాల్చి, రెండు మూడు పంటలు తీసి, ఏళ్ల తరబడి బీడు పెట్టాకే తిరిగి వచ్చేవారు. ఆ విరామం ఉన్నంతకాలం అడవి కోలుకుంది. అది కుదించుకుపోయాకే వాలులు బోడివయ్యాయి. లింగ్జీ పోడు నేల కింద సాగుతుంది కనుక పైనుంచి చూసేవారికి అడవి పచ్చగానే కనిపిస్తుంది.

మన వైపు దీన్ని ప్రోత్సహించాలనుకునేవారు ముందు కోనసీమ కొబ్బరి రైతును అడగాలి. అక్కడ గానోడెర్మా అంటే మందు కాదు, తెగులు. చెట్టు మొదట్లో ఎర్రగోధుమ రంగు బంక కారుతుంది. మానుకు పుట్టగొడుగు మొలిచేసరికి చెట్టు చేయిదాటినట్టే. లింగ్జీ రైతు శత్రువుగా చూసే ట్రైకోడెర్మానే కొబ్బరి రైతు వేపపిండిలో కలిపి పాదుల్లో వేస్తాడు. సాగు జాతీ తెగులు జాతీ ఒకటి కాకపోవచ్చు. అయినా చచ్చిన కొబ్బరి చెట్టును వేళ్లతో సహా పెకలించి తగలబెట్టమని చెబుతూ, మరోపక్క గానోడెర్మా అల్లుకున్న దుంగలను అడవి నేలలో పాతమనడం ఎలా కుదురుతుంది? పంట అయ్యాక ఆ దుంగలను తవ్వి తీసి ఎక్కడ వేయాలో, మడిని ఎన్నేళ్లు బీడు పెట్టాలో రాసిపెట్టకుండా అనుమతులు ఇవ్వకూడదు. అప్పటిదాకా మన్యంలో ఈ సాగు షెడ్లలో, సంచుల్లోనే సాగాలి.