మా లైబ్రరీ పడమటి అద్దాల గోడ గారికి

అద్దాల గోడ గారూ, నమస్కారం.

మీరు మా ఊరొచ్చి ఏడాది దాటింది గానీ మీ ప్రతాపం ఈ ఎండాకాలంలోనే పూర్తిగా తెలిసొచ్చింది. మధ్యాహ్నం 3 అయ్యేసరికి డీఎస్సీకి చదువుకునే పిల్లలంతా మీ పక్క బల్లలు వదిలేసి తూర్పు గోడకి అతుక్కుపోతారు, మీరు మాత్రం పెళ్లికొడుకులా ధగధగా మెరుస్తుంటారు.

వెలుతురు కోసమని మిమ్మల్ని పెట్టారు. ఎండ కొడుతోందని మీకు తెర వేశారు, తెర వేస్తే చీకటని పట్టపగలు లైట్లు వేశారు, అయినా ఉక్క తగ్గలేదని ఏసీలు బిగించారు, ఏసీల బిల్లు చూసి గుండె జారి ఇప్పుడు మేడ మీద సోలార్ పలకలంటున్నారు. అంటే మీరు లోపలికి పిలిచిన ఎండని బయటికి గెంటడానికి పైనున్న ఎండని కూలికి పెట్టుకోవాలన్నమాట! ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను కట్టేది మేము కదా, అత్త సొమ్ము అల్లుడి దానం.

పోనీ కరెంటు పోతే తెరుద్దామంటే మీకు రెక్క లేదు, గడియ లేదు. జనమంతా బయట వేపచెట్టు కిందే.

పాత లైబ్రరీ పెంకుల కొంపే. కానీ పడమటి వైపు వసారా ఉండేది, కప్పు ఎత్తు, వేడిగాలి పైకెళ్లి వెంటిలేటర్లలోంచి జారుకునేది. ఉత్తరం కిటికీ దగ్గర ఎండ పడకుండా వెలుతురొచ్చే బల్ల ఒకటుండేది, దాని కోసం పేపర్లు చదివే తాతలు బస్సులో సీటుకి వేసినట్టు పొద్దున్నే రుమాలు వేసేసేవాళ్లు.

మెట్లు, బాత్రూములు, స్టోర్‌రూము పడమటికి నెట్టి, జనాన్ని ఉత్తరం వైపు కూర్చోబెట్టి, కిటికీలకి సన్‌షేడ్లు పోసి, కరెంటు తక్కువ తాగే 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లు తిప్పితే చాలదా అని కట్టేటప్పుడే ఇంజినీరు గారిని అడిగాను. ఒకటిన్నర టన్ను ఏసీ ఒక్కటి తాగే కరెంటుతో అలాంటి ఫ్యాన్లు ఓ 40 తిరుగుతాయి మరి. ఆయన నవ్వి, "ఎలివేషన్ పోతుందండీ" అన్నారు. ఎలివేషనంటే రోడ్డు మీంచి కనిపించే ముందు వైపు సోకు. రోడ్డు పడమట ఉంది, మీరూ పడమటే ఉన్నారు, అదీ మీ అర్హత.

పోయిన వారం తెర చిరిగిపోతే మీకు అడ్డంగా ప్రారంభోత్సవం నాటి ఫ్లెక్సీ కట్టారు. సాయంత్రం ఎండకి లోపల్నుంచి చూస్తే 'హరిత గ్రంథాలయం' అన్న అక్షరాలు తిరగబడి కనిపిస్తున్నాయి. నాయకుల మొహాలు మాత్రం ఎటునుంచి చూసినా ఒకేలా ఉన్నాయి.

ఇట్లు,
తూర్పు గోడ పక్కన చోటు దొరకని పాఠకుడు