దిగుడే కదండీ!

"అంతా దిగుడేనండీ, పెద్ద కష్టమేం కాదు." గ్రీసు దేశపు క్రీటు ద్వీపంలోని సమారియా లోయ గురించి యాత్రా నిపుణులు ఉచితంగా పంచిపెట్టే సలహా ఇది. ఈ మహావాక్యం కనిపెట్టిన వారికి సన్మానం చేయాలి. వారు లోయ దిగిన మర్నాడే చేయాలి. సభ మూడో అంతస్తులో పెట్టాలి. లిఫ్టు పనిచేయకూడదు.

లోయ పై ద్వారం, ఒమాలోస్ దగ్గరి 'క్సిలోస్కాలో', సముద్రమట్టానికి సుమారు 1,230 మీటర్ల ఎత్తున ఉంది. అక్కణ్ణుంచి 16 కిలోమీటర్లు నడిస్తే లిబియన్ సముద్రం. మొదటి నాలుగు కిలోమీటర్లలోనే దాదాపు సగం ఎత్తు దిగిపోతాం. అడుగడుగునా తొడ కండరం సాగుతూనే బ్రేకు వేయాలి. మర్నాటికి పట్టేసేవి ఆ బ్రేకులే. వేళ్లు బూటు ముందుభాగానికి గుద్దుకుని గోళ్లు నల్లబడతాయి. అందుకే గోళ్లు ముందే కత్తిరించుకోవాలి, బూటు అరసైజు పెద్దది కొనాలి, దిగుడు మొదలవగానే చీలమండ దగ్గర లేసు బిగించాలి. ఇవన్నీ రీల్లో పట్టవు. పైగా మనం అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కి, దర్శనం చేసుకుని, బస్సులో దిగొచ్చే జాతి. దిగడమంటే టిక్కెట్టు కొనుక్కోవడమని మన మోకాళ్ల నమ్మకం.

సగం దారిలో పాత సమారియా ఊరు. 1962లో జాతీయ పార్కు చేసినప్పుడు ఊరివాళ్లను పంపించేశారు. ఇప్పుడక్కడ ఊట నీళ్లు, బల్లలు, వాటిమీద కాళ్లు చాపుకున్న నిపుణులు. "ఇక్కణ్ణుంచి బండేమైనా దొరుకుతుందా?" దొరకదు. కాలు విరిగితే గాడిద వస్తుంది. అది మాత్రం దిగుడు గురించి సలహాలివ్వదు. ఊరు దాటాక దారంతా ఏటి గులకరాళ్లు, గుండ్రటివి, పాదం కింద దొర్లేవి.

ఇక లోయలోని ఇరుకు సందు, పోర్టెస్. రెండు పక్కలా దాదాపు 300 మీటర్ల రాతిగోడలు, మధ్య సందు నాలుగు మీటర్లకు లోపే. రాళ్లు పడతాయి, ఆగకుండా నడవండని దారిలో బోర్డులు పెట్టారు. మన నిపుణుడు సరిగ్గా సందు మధ్యలో, తెల్ల కాన్వాసు బూట్లతో, రెండు చేతులూ చాచి నిలబడ్డాడు. "ఏమండీ, కాస్త నవ్వండి," అంటుంది ఆవిడ. "మోకాలు వణుకుతోందే, తొందరగా తియ్యి." "వణుకు పడింది, మళ్లీ తీస్తా. ఈసారి కళ్లద్దాలు తియ్యండి." వెనక చేతికర్రలతో ఇద్దరు జర్మన్ పెద్దలు, వాళ్ల వెనక ఒక బడి పిల్లలంతా. దేశదేశాల వాళ్లు వరసకట్టారు, అయ్యగారి చేతులు ఎప్పుడు దిగుతాయా అని.

ఎండ ముదిరినా, వాన సూచన ఉన్నా లోయ మూసేస్తారు. వెంటనే గోల, బస్సు డబ్బులు ఎవరిస్తారని. 2024 జూన్‌లో ఎండలో నడకకు బయల్దేరిన యాత్రికులు గ్రీసు ద్వీపాల్లో ఒకరి తర్వాత ఒకరు చనిపోయారు. చచ్చిపోతున్నారయ్యా మనుషులు! లోయ మధ్యలోంచి బయటికి రోడ్డు లేదు. టిక్కెట్టు ముక్క కింది ద్వారం దగ్గర మళ్లీ ఎందుకు అడుగుతారు? లోపల ఎవరైనా మిగిలిపోయారేమో చూసుకోవడానికి. చదివేవాడి వయసు తెలీదు, గుండె సంగతి తెలీదు, "దిగుడే కదా" అని రాసిపారేసే చేతికి సిగ్గుండాలి.

నడక ముగిసే సముద్రపొడ్డు ఊరు అయా రూమెలీ. దానికి రోడ్డే లేదు. సాయంత్రం పడవ తప్పితే రాత్రికి గది వెతుక్కోవాలి. పడవ దొరికితే స్ఫాకియా రేవులో దిగి బస్సెక్కాలి. బస్సుకు మెట్లుంటాయి. ముందు ఏ కాలు పెట్టాలో త్వరగా తేల్చుకోండి, వెనక జనం ఉన్నారు.