మాత్ర ధర దిగింది, జాగ్రత్త మాత్రం ఎవరూ చెప్పడం లేదు

2025 మార్చి 11న మన దేశంలో ఎంపాగ్లిఫ్లోజిన్ అనే షుగర్ మందు పేటెంట్ ముగిసింది. అప్పటిదాకా ఒక్కో మాత్ర సుమారు 60 రూపాయలు, నెలకు 1800. పేటెంట్ పోయి మిగతా కంపెనీలూ తయారుచేయగానే 10 ఎంజీ మాత్ర ఆరు రూపాయల లోపుకి కూడా దొరికింది. గుండెజబ్బు ఉన్న షుగర్ పేషెంట్లలో గుండె సంబంధ మరణాలు 38 శాతం తగ్గాయని 2015లోనే పెద్ద పరిశోధనలో తేలిన మందు ఇది. ఇప్పుడు పింఛను డబ్బులతో బతికే పెద్దవాళ్లకీ అందుతోంది. చాలా మంచి మార్పు. "ఇంత చవకా, ఇక ఏం పనిచేస్తుందిలే" అని ముఖం చిట్లించేవాళ్లతో నేను అస్సలు ఏకీభవించను.

నా బాధంతా మందుల షాపు కౌంటర్ దగ్గరే. ఇది షెడ్యూల్ హెచ్ మందు, చీటీ లేకుండా ఇవ్వకూడదు. అయినా పాత స్ట్రిప్ చూపిస్తే చాలు, "ఇది అయిపోయింది, ఇదీ అదే" అని ఇంకో బ్రాండ్ చేతిలో పెడుతున్నారు. బ్రాండ్ మారితే నష్టం లేదు, లోపలి మందు మారితేనే ప్రమాదం. మార్కెట్లో ఒట్టి ఎంపాగ్లిఫ్లోజిన్ ఉంది, లినాగ్లిప్టిన్, మెట్‌ఫార్మిన్ అనే వేరే షుగర్ మందులతో కలిపినవీ ఉన్నాయి. పేర్లు చూస్తే ఒకటీ అరా అక్షరాలే తేడా. విడిగా మెట్‌ఫార్మిన్ వేసుకునే మనిషికి కాంబినేషన్ ఇస్తే డోసు రెట్టింపు. గుండె డాక్టరు డాపాగ్లిఫ్లోజిన్, షుగర్ డాక్టరు ఎంపాగ్లిఫ్లోజిన్ రాస్తే రెండూ మింగేవాళ్లున్నారు. పేరు చివర "గ్లిఫ్లోజిన్" అని ఉన్నవన్నీ ఒకే కుటుంబం, వాటిలో ఒక్కటే వాడాలి. స్ట్రిప్ వెనక బ్రాండ్ పేరుతో పాటు ఉండే మందు పేరూ ఎంజీలూ చదివించుకోండి. స్ట్రిప్ కత్తిరించి ఇస్తే పేరు సగం, ఎక్స్‌పైరీ తేదీ మొత్తం అవతలి ముక్కకే పోతాయి. పూర్తి స్ట్రిప్ అడగండి.

అసలు చెప్పాల్సింది ఎప్పుడు ఆపాలో. ఈ మందు రోజుకు దాదాపు 64 గ్రాముల గ్లూకోజ్‌ని మూత్రంలోకి పంపేస్తుంది. మామూలుగా తింటూ, నీళ్లు తాగుతూ ఉన్నన్నాళ్లూ ఇబ్బంది లేదు. వాంతులు, విరేచనాలు, తిండి సహించని జ్వరం వచ్చిన రోజున మాత్రం శరీరం కొవ్వును కరిగించుకుంటుంది, అందులోంచి కీటోన్లు అనే ఆమ్లాలు రక్తంలో పేరుకుంటాయి. అప్పుడు కూడా గ్లూకోమీటర్ 180 మాత్రమే చూపించొచ్చు. షుగర్ బాగానే ఉందని ఊళ్లో ఒక సెలైన్ ఎక్కించి ఇంటికి పంపేస్తారు. ఆ 180 వెనక కీటోయాసిడోసిస్, అంటే కీటోన్లు పెరిగి రక్తం ఆమ్లంగా మారే ప్రాణాపాయ స్థితి, దాగి ఉండొచ్చు. షుగర్ 250 దాటకుండానే రావడం ఈ మందుతో వచ్చే ప్రత్యేక చిక్కు. వాంతులు, కడుపునొప్పి, విపరీతమైన నీరసం, ఆయాసంలా వేగంగా ఊపిరి, వీటిలో ఏది కనిపించినా మాత్ర ఆపి పెద్దాసుపత్రికి వెళ్లాలి. వెళ్లగానే "గ్లిఫ్లోజిన్ మాత్ర వాడుతున్నాం, రక్తంలో కీటోన్లు చూడండి" అని అడగాలి. మూత్రం స్ట్రిప్‌లో కీటోన్లు లేవన్నంత మాత్రాన నిశ్చింతగా ఉండొద్దు. ఇన్సులిన్ వాడేవాళ్లు తినడం లేదు కదా అని దాన్ని సొంతంగా మానేస్తే పరిస్థితి ఇంకా దిగజారుతుంది. టైప్ 1 షుగర్ ఉన్నవాళ్లు దీన్ని సొంతంగా ముట్టుకోనేకూడదు.

ఉపవాసాలకూ ఇదే లెక్క. శివరాత్రి జాగరణ, రంజాన్ రోజా, మాలలో ఒంటిపూట భోజనం, ఏదైనా ముందే డాక్టర్‌ని అడిగి మందు సర్దుకోవాలి. అన్నం పూర్తిగా మానేసి నూనె, నెయ్యి తాగే డైట్‌లు మన దగ్గర ఎంత జోరుగా నడిచాయో తెలిసిందే. ఆ డైటూ ఈ మాత్రా ఒకేసారి వద్దు, ఆ రెండూ కలిస్తే కీటోన్లు పెరగడానికే దారి.

ఆపరేషన్ ఉంటే కనీసం 3 రోజుల ముందు ఆపాలి. మాత్ర మానేశాక కూడా దాదాపు మూడు రోజులు మూత్రంలో గ్లూకోజ్ పోతూనే ఉంటుంది కాబట్టే ఆ గడువు. "పొద్దున మాత్ర వేసుకోలేదు" అంటే సరిపోదు, సర్జన్‌కీ మత్తు డాక్టర్‌కీ మందు పేరుతో సహా చెప్పాలి.

మూత్రంలో చక్కెర ఉంటే ఫంగస్‌కి పండగే. మర్మావయవాల దగ్గర దురద, తెల్లపూత వస్తే సిగ్గుపడి దాచుకోవద్దు, క్రీముతోనో మాత్రతోనో తగ్గిపోతుంది. రోజూ కడుక్కుని పొడిగా ఉంచుకుంటే చాలావరకు రాదు. ఆ భాగంలో నొప్పి, వాపుతో పాటు జ్వరం వస్తే మాత్రం అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. అరుదే, కానీ ప్రాణాంతకం. ఎండాకాలంలో, ముఖ్యంగా నీరు పోయే బీపీ మాత్రలు వాడేవాళ్లకి, లేచి నిలబడగానే కళ్లు తిరిగితే మందుల డోసు తిరిగి చూపించుకోవాలి.

ఇక రిపోర్టుల భయం. మూత్రపరీక్షలో గ్లూకోజ్ మూడు ప్లస్‌లు వచ్చిందని కంగారుపడి మందు మానేస్తున్నారు. ఈ మాత్ర వేసుకుంటే అది రావడమే సహజం. షుగర్ అదుపు తెలియాలంటే రక్తపరీక్ష, రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ చూడాలి. మొదలుపెట్టిన కొత్తలో కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ కొద్దిగా పెరిగినా చాలామందికి అది అక్కడే ఆగిపోతుంది, తర్వాత కిడ్నీకి మేలే జరుగుతుంది. అది ఎంతవరకు ఫర్వాలేదో డాక్టరు చెప్పాలి, ల్యాబ్ కాగితం మీద ఎర్ర గుర్తు చూసి మనం తేల్చుకోకూడదు.

కంపెనీలకు నా డిమాండ్ ఒక్కటే. ధర తగ్గించారు, సరే. పెట్టె మీద మూడు లైన్లు తెలుగులో వేయండి: తినలేకపోతున్నా, వాంతులవుతున్నా ఆపి డాక్టర్‌ని కలవాలి, ఆపరేషన్‌కు 3 రోజుల ముందు ఆపాలి, ఇదే కుటుంబం మాత్ర ఇంకోటి కలపకూడదు. అప్పటిదాకా ఫార్మసిస్టులు ఆ మాటల్ని మందు కవరు మీద పెన్నుతో రాసివ్వండి.